సొంత బిడ్డ ఆడే ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా ఉండటం ఎలా?

పోటీ లీగుల్లో ఆడే పిల్లల ఫుట్‌బాల్ జట్లలో చాలావాటికి ఆ పిల్లల తల్లిదండ్రులే కోచ్‌లుగా ఉంటారు. జీతమిచ్చి కోచ్‌ను పెట్టుకునే స్తోమత అన్ని క్లబ్బులకూ ఉండదు. సాయంత్రాలూ వారాంతాలూ వదులుకుని మైదానానికి వచ్చే ఓపిక సొంత బిడ్డ ఆడుతున్నవాళ్లకే ఎక్కువగా ఉంటుంది. సరదాకు ఆడే జట్టులో ఈ ఏర్పాటు వల్ల పెద్ద చిక్కేమీ రాదు. కానీ సెలెక్షన్లు జరిగి, కొందరికి చోటు దొరికి మరికొందరికి దొరకక, పాయింట్ల పట్టికలో స్థానం కోసం ఆడే జట్టులో కోచ్ తీసుకునే ప్రతి నిర్ణయమూ ఒక బిడ్డకు అవకాశమైతే ఇంకొక బిడ్డకు నిరాశ అవుతుంది. ఆ పిల్లల్లో ఒకరు మీ ఇంట్లోనే పెరుగుతున్నప్పుడు, మీరు ఎంత నిజాయితీగా నడుచుకున్నా, చూసేవాళ్లకు అనుమానం రావడం సహజం. ఆ అనుమానపు బరువు మీకన్నా ఎక్కువగా మీ బిడ్డ మీద పడుతుంది.

అందుకే నేను ముందుగా చెప్పేది ఇదే: మీ బిడ్డకు సంబంధించిన నిర్ణయాలు మ్యాచ్ వేడిలో మీరొక్కరే తీసుకునే పరిస్థితి రానివ్వకండి. వాటిలో కొన్నింటిని సీజన్ మొదలవకముందే నియమాలుగా రాసిపెట్టండి, మిగిలినవాటిని మరొకరికి అప్పగించండి. కింద చెప్పినవాటిలో ఎక్కువ భాగం ఈ ఒక్క పనిని ఎలా చేయాలన్న దాని గురించే.

పెద్దల ఫుట్‌బాల్‌లోనూ తండ్రీకొడుకులు ఒకే జట్టులో పనిచేసిన సందర్భాలు ఉన్నాయి. 1998 ప్రపంచ కప్‌లో ఇటలీ కోచ్ సెజారే మాల్దీని, కెప్టెన్ ఆయన కొడుకు పావ్లో. 2010 ప్రపంచ కప్‌లో అమెరికా కోచ్ బాబ్ బ్రాడ్లీ. ఆ జట్టు స్లొవేనియాతో 2-2గా ముగించిన మ్యాచ్‌లో స్కోరు సమం చేసిన గోల్ ఆయన కొడుకు మైకేల్‌ది. అయితే ఆ సమయానికి పావ్లో మిలాన్‌లోనూ, మైకేల్ జర్మనీలోని ఒక క్లబ్బులోనూ ఆడుతున్నారు; వాళ్ల ప్రతిభను తండ్రితో సంబంధం లేని కోచ్‌లు అప్పటికే తేల్చారు. పదేళ్ల బిడ్డకు అటువంటి సాక్ష్యం ఉండదు కాబట్టి, మరొకరు తూచి చెప్పే ఏర్పాటును మీరే కల్పించుకోవాలి.

ఒప్పుకునే ముందు

మొదట అడగాల్సింది బిడ్డనే. "నేను మీ టీమ్‌కి కోచ్‌గా రానా?" అని అడిగితే ఏ బిడ్డయినా మీ ముఖం చూసి సరేనంటుంది. అలా కాకుండా, "నేను కోచ్‌గా ఉంటే నీకు ఏది బాగుంటుంది, ఏది బాగుండదు?" అని అడిగి, రెండో సగానికి జవాబు వచ్చేదాకా ఆగండి. ఏడెనిమిదేళ్ల పిల్లలు సాధారణంగా సంబరపడతారు. పన్నెండు దాటుతున్నకొద్దీ, స్నేహితుల మధ్య తమకంటూ ఒక చోటు కావాలనుకునే వయసులో, అదే బిడ్డ వేరే జవాబు ఇవ్వవచ్చు. అందుకని ఒకసారి అడిగి వదిలేయకుండా ప్రతి సీజన్‌కు ముందూ అడగాలి, వద్దంటే ఆ మాటకు విలువ ఇవ్వాలి.

ఈ సంబంధం మీద 2005లో వెలువడిన ఒక అధ్యయనం 12 ఏళ్ల లోపు బాలుర ఫుట్‌బాల్ జట్లకు కోచింగ్ ఇస్తున్న తండ్రులను, వాళ్ల కొడుకులను, ఆ జట్లలోని తోటి ఆటగాళ్లను ప్రశ్నించింది. నాన్నతో గడిపే సమయం, ఆయన నేర్పే మెళకువలు తమకు ఇష్టమని చెప్పిన కొడుకులే, తమ మీద ఒత్తిడి ఎక్కువగా ఉంటుందనీ, ఇతరులకన్నా తమకే ఎక్కువ విమర్శ ఎదురవుతుందనీ కూడా చెప్పారు. తండ్రులు సైతం తమ బిడ్డను మిగతావాళ్లకన్నా వేరుగా చూస్తున్నామని ఒప్పుకున్నారు. మంచీ చెడూ ఒకే బిడ్డ నోట రావడం గమనించదగ్గ విషయం. బిడ్డ సంతోషంగా ఉన్నంత మాత్రాన ఇబ్బంది ఏమీ లేదని అనుకోకూడదు.

తరువాత మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. మీరు కోచ్ కాకపోతే మీ బిడ్డకు జట్టులో చోటు దొరకదేమోనన్న భయమే మీ కారణమైతే ఈ బాధ్యత తీసుకోకపోవడమే మంచిది, ఎందుకంటే ఆ భయం ప్రతి మ్యాచ్‌లోనూ మీ చేతిని లాగుతూనే ఉంటుంది. ఒప్పుకుంటే మాత్రం మీ దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య నిర్వహించే ప్రాథమిక కోచింగ్ కోర్సు, ప్రథమ చికిత్స శిక్షణ, బాలల రక్షణకు సంబంధించిన శిక్షణ పూర్తిచేయండి. మీరు ఏ పిల్లవాడితోనూ ఒంటరిగా ఉండకుండా మరో పెద్దమనిషి దగ్గర ఉండేలా చూసుకోవడం, సందేశాలన్నీ పిల్లలకు నేరుగా పంపకుండా తల్లిదండ్రుల ద్వారా పంపడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

సెలెక్షన్లలో మీ పాత్ర

ట్రయల్స్‌లో మీ బిడ్డకు మీరు మార్కులు వేయకండి. ఆ వయోవర్గంలో తమ పిల్లలు లేని ఇద్దరిని పిలిచి, పిల్లలందరికీ అంకెల బిబ్బులు (చొక్కా మీద తొడుక్కునే చేతుల్లేని పైతొడుగులు) ఇచ్చి, పేర్లు లేకుండా అంకెల మీదే అంచనాలు రాయమనండి. కోన్‌ల మధ్య బంతిని నడిపించే పరీక్షలకన్నా నలుగురికి నలుగురు ఆడే చిన్న ఆటల్లోనే పిల్లల తెలివి, ధైర్యం, బంతి పోయాక వెనక్కి పరుగెత్తే గుణం బయటపడతాయి. ఆటగాళ్లను మార్చి మార్చి కలుపుతూ అటువంటి ఆటలు ఐదారు ఆడించండి.

అంచనా వేసేవాళ్లకు ఒక విషయం గుర్తుచేయండి. వయోవర్గపు గడువు తేదీ తరువాత వెంటనే పుట్టిన పిల్లలు, అదే వర్గంలో చివరి నెలల్లో పుట్టినవాళ్లకన్నా దాదాపు ఏడాది పెద్దవాళ్లు. తొమ్మిదేళ్ల వయసులో ఏడాది తేడా అంటే ఎత్తులో, బలంలో, పరుగులో చాలా తేడా. ఎన్నో దేశాల్లో ఎంపికైన యువ జట్లలో ఆ గడువు తరువాతి తొలి నెలల్లో పుట్టిన పిల్లలే అధికంగా ఉండటానికి ఇదే ప్రధాన కారణమని చెబుతారు. మీ బిడ్డ ఏ కొసన పుట్టినా ఈ విషయం తెలిసి ఉండటం మంచిది: తను ఈరోజు మెరుగ్గా కనిపించడానికో, వెనకబడి కనిపించడానికో పుట్టిన నెల కూడా కారణం కావచ్చు.

మీ బిడ్డ మొదటి జట్టుకు ఎంపిక కాకపోతే ఏం చేస్తారో ట్రయల్స్‌కు ముందే తేల్చుకుని క్లబ్బుకు చెప్పండి. బిడ్డ ఉన్న రెండో జట్టుకు మారతారా, మొదటి జట్టుకే కోచ్‌గా ఉంటారా అన్నది ఫలితాలు వచ్చాక ఆలోచిస్తే, ఎటు వెళ్లినా మనసులో ముల్లు మిగిలిపోతుంది. నా అభిప్రాయంలో బిడ్డ ఉన్న జట్టుకు వెళ్లడమే సరి. మీరు ఈ పనిలోకి వచ్చిందే తన కోసం కదా.

సహాయ కోచ్‌కు అప్పగించాల్సినవి

ఈ ఏర్పాటు మొత్తంలో ముఖ్యమైన వ్యక్తి సహాయ కోచ్. మీ బంధువో, మీ మాటకు ఎదురు చెప్పలేని స్నేహితుడో అయితే ఆ మనిషి వల్ల ఉపయోగం లేదు. మీరు తప్పు చేస్తున్నప్పుడు పక్కకు పిలిచి చెప్పగలిగిన మనిషి కావాలి. మీ బిడ్డను ఏ మ్యాచ్‌లో మొదటి నుంచి ఆడించాలి, ఎప్పుడు బయటికి తీయాలి, క్రమశిక్షణ తప్పితే ఏం చేయాలి, దెబ్బ తగిలాక తిరిగి ఆడనివ్వాలా వద్దా అన్న విషయాల్లో అతని మాటే, లేదా ఆమె మాటే, చివరి మాట కావాలి. ఈ సంగతి జట్టు తల్లిదండ్రులందరికీ తెలియాలి. బిడ్డకు కూడా తెలియాలి, ఎందుకంటే అప్పుడు బెంచీ మీద కూర్చోబెట్టింది నాన్నో అమ్మో అన్న బాధ తనకు ఉండదు.

సహాయ కోచ్ బిడ్డ కూడా అదే జట్టులో ఉంటే ఇద్దరూ ఒకరి బిడ్డ బాధ్యత ఒకరు తీసుకోవచ్చు. ఇందులో ఒక ప్రమాదం లేకపోలేదు: నీ బిడ్డను నేను చూసుకుంటాను, నా బిడ్డను నువ్వు చూసుకో అన్న మొహమాటం పెరగవచ్చు. అందుకే నెలకొకసారి నిమిషాల లెక్కను క్లబ్బులో మూడో మనిషికి చూపించడం మంచిది.

ప్రాక్టీసులో పిల్లలను గుంపులుగా విడదీసినప్పుడు మీ బిడ్డను వీలైనంత వరకు సహాయ కోచ్ గుంపులో ఉంచండి. తనకు వేరొక గొంతు నుంచి సూచనలు వినే అవకాశం దొరుకుతుంది. మీరు ఇంట్లో పదిసార్లు చెప్పినా ఎక్కని విషయం ఆ గొంతు ఒకసారి చెబితే ఎక్కడం మీరే చూస్తారు.

నిమిషాల లెక్క

పోటీ జట్లలో తగాదాలన్నీ చివరికి ఆడే నిమిషాల దగ్గరికే వస్తాయి. దీన్ని అంకెల్లో పెట్టి చూడటం అవసరం. మీ జట్టులో 14 మంది ఉన్నారనీ, 9 మంది చొప్పున 60 నిమిషాల మ్యాచ్ ఆడుతున్నారనీ అనుకుందాం. పంచడానికి మీ దగ్గర ఉన్నవి 540 నిమిషాలు. ప్రతి బిడ్డా కనీసం సగం మ్యాచ్ ఆడాలన్న నియమం పెట్టుకుంటే అందులో 420 నిమిషాలు అక్కడికే పోతాయి. గోల్‌కీపర్ మ్యాచ్ అంతా ఆడితే ఆ బిడ్డకు అదనంగా మరో 30 నిమిషాలు వెళ్తాయి. మిగిలిన 90 నిమిషాలే నిజంగా మీ విచక్షణకు వదిలినవి, మిగతా తల్లిదండ్రులు డేగకళ్లతో చూసేవీ అవే. ఆ 90లో మీ బిడ్డ వాటా ఎంతన్నది సహాయ కోచ్ నిర్ణయించాలి.

పిల్లల ఫుట్‌బాల్‌లో చాలా లీగులు బయటికి తీసిన ఆటగాడిని మళ్లీ లోపలికి పంపడానికి అనుమతిస్తాయి, కాబట్టి మార్పుల సమయాలను మ్యాచ్‌కు ముందే కాగితం మీద రాసుకోవడం కష్టం కాదు. 10వ నిమిషం, 20వ నిమిషం, విరామం, 40, 50 అని గడులు గీసి ఎవరు ఎప్పుడు ఎక్కడ ఆడాలో నింపండి. స్కోరు 1-1గా ఉండి చివరి పది నిమిషాలు మిగిలినప్పుడు, ఆ కాగితమే మీకు అండ. అప్పుడు ఎవరిని తీయాలో, ఎవరిని ఉంచాలో మీ గుండె చప్పుడును బట్టి నిర్ణయించాల్సిన అవసరం ఉండదు. మ్యాచ్ అయ్యాక నిజంగా ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో ఒక పుస్తకంలో రాసి, సీజన్ సగానికి వచ్చేసరికి మొత్తాలు తీయండి. మీ బిడ్డ మొత్తాన్ని అదే స్థానంలో ఆడే ఇతర పిల్లల మొత్తాలతో పోల్చండి. తేడా కనిపిస్తే రెండో సగంలో సరిదిద్దండి. ఆ తేడా మీ బిడ్డకు తక్కువైన వైపున ఉన్నా సరే, సరిదిద్దాల్సిందే.

నిమిషాలతో పాటు మరికొన్ని కోరుకునే స్థానాలు ఉంటాయి: సెంటర్ ఫార్వర్డ్, సెంట్రల్ మిడ్‌ఫీల్డ్, కెప్టెన్ పట్టీ, పెనాల్టీ కిక్. పన్నెండేళ్ల లోపు జట్లలో ఎవరినీ ఒకే స్థానానికి కట్టివేయకూడదు. ఆ వయసులో డిఫెండర్‌గా కనిపించిన బిడ్డ నాలుగేళ్లకు వేరే ఆటగాడవుతాడు. కెప్టెన్‌ను వంతులవారీగా మార్చండి. పెనాల్టీ ఎవరు కొట్టాలో ముగ్గురి పేర్లు వరుసగా రాసి మ్యాచ్‌కు ముందే అందరికీ చెప్పండి. పెనాల్టీ దొరికిన క్షణంలో నా బిడ్డ బంతి పట్టుకుని నా వైపు చూస్తుంటే సరైన జవాబు ఇవ్వగలనన్న నమ్మకం ఎవరికీ ఉండనక్కర్లేదు.

సీజన్‌కు ముందు జరిపే తల్లిదండ్రుల సమావేశంలో ఈ నియమాలన్నీ కాగితం మీద ఇవ్వండి. మ్యాచ్ గురించి ఫిర్యాదు ఉంటే 24 గంటలు ఆగి మాట్లాడాలని, కోచ్ బిడ్డ గురించి ఫిర్యాదు ఉంటే కోచ్‌తో కాక క్లబ్బులో ఫలానా వ్యక్తితో మాట్లాడాలని అందులో రాయండి. రెండోదాన్ని చాలామంది కోచ్‌లు రాయరు. రాయకపోతే ఆ ఫిర్యాదు పార్కింగ్ స్థలంలో గుసగుసగా తిరిగి, చివరికి పిల్లల నోటి ద్వారా మీ బిడ్డ చెవిలోనే పడుతుంది.

మితిమీరిన కాఠిన్యం

పక్షపాతం అనగానే అందరూ ముద్దు చేయడం గురించే ఆలోచిస్తారు. నేను చూసినంతలో, మనస్సాక్షి ఉన్న తల్లిదండ్రులు ఎక్కువగా రెండో వైపుకు జారతారు. నలుగురూ ఏమనుకుంటారోనన్న జంకుతో సొంత బిడ్డను అందరికన్నా ముందు బయటికి తీస్తారు, అందరికన్నా గట్టిగా మందలిస్తారు. ప్రాక్టీసులో ఇది ఎలా జరుగుతుందో దగ్గరగా చూడండి. కోచ్ ఒక వ్యాయామాన్ని వివరిస్తుంటాడు. వెనక ముగ్గురు పిల్లలు మాట్లాడుకుంటుంటారు. ఆ ముగ్గురిలో కోచ్ నోటికి ముందు వచ్చేది సొంత కూతురి పేరు, ఎందుకంటే ఆ పేరును గట్టిగా పిలిచినా ఏ తల్లిదండ్రులూ నొచ్చుకోరు. ఆ పాప తల దించుకుంటుంది, మిగతా ఇద్దరూ ఊపిరి పీల్చుకుంటారు, కోచ్ వివరణ కొనసాగిస్తాడు. ఒక సీజన్‌లో ఇది వందసార్లు జరిగితే ఆ పాపకు ఆట మీద ఇష్టం తగ్గడంలో ఆశ్చర్యం లేదు.

దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన ఉపాయం ఉంది. ఒక ప్రాక్టీసు మొత్తం, మీరు ఏ బిడ్డ పేరును ఎన్నిసార్లు పిలిచారో, అందులో మెచ్చుకోలు ఎన్ని, దిద్దుబాట్లు ఎన్ని, మందలింపులు ఎన్నో సహాయ కోచ్‌ను గీతలు గీసి లెక్కపెట్టమనండి. ఆ కాగితం చూశాక వాదించడానికి ఏమీ ఉండదు. మందలించాల్సి వచ్చినప్పుడు గుంపును ఉద్దేశించి మాట్లాడండి, లేదా ముగ్గురి పేర్లూ పిలవండి. మీ బిడ్డ బాగా ఆడినప్పుడు, పక్కింటి బిడ్డయితే ఏమనేవారో అదే మాట, అంతే గొంతుతో అనండి.

మైదానంలో మిమ్మల్ని ఏమని పిలవాలన్నది బిడ్డకే వదిలేయండి. కొందరు పిల్లలు అందరిలాగే "కోచ్" అనడానికి ఇష్టపడతారు, కొందరికి "నాన్నా" అనడమే సహజంగా వస్తుంది. మరిచిపోయి నాన్నా అని పిలిచిన బిడ్డను అందరి ముందూ సరిదిద్దవద్దు.

ప్రాక్టీసును నడిపించే పద్ధతి

తల్లిదండ్రులైన కోచ్‌లలో చాలామంది పెద్ద స్థాయిలో ఆడినవాళ్లు కారు. అందుకు కుంగిపోనక్కర్లేదు, కానీ ఆ లోటును కేకలతో పూడ్చడానికి ప్రయత్నించకూడదు. మంచి ప్రాక్టీసు 75 నుంచి 90 నిమిషాలు ఉంటే చాలు. పిల్లలు రాగానే వచ్చినవాళ్లతో వచ్చినట్టే చిన్న ఆట మొదలుపెట్టి, మధ్యలో ఒకే ఒక్క అంశాన్ని నేర్పి, చివర మళ్లీ ఆటతో ముగించండి. పిల్లలు వరుసలో నిలబడి తమ వంతు కోసం ఎదురుచూసే వ్యాయామాలను పక్కనపెట్టండి. పది మంది వరుసలో నిలబడితే ఒక్కరే నేర్చుకుంటారు.

నలుగురు చుట్టూ నిలబడి మధ్యలో ఉన్న ఒకరికి దొరక్కుండా పాస్‌లు ఇచ్చుకునే ఆట అన్ని వయసులకూ పనికొస్తుంది. ఎనిమిది మీటర్ల చదరం గీస్తే చాలు. అందులో నేర్పాల్సిన అసలు విషయం బంతిని అందుకునే తీరు. ఎడమవైపు నుంచి వస్తున్న బంతిని ఎడమ కాలితోనే ఆపితే ఆటగాడు వచ్చిన వైపుకే ముడుచుకుపోతాడు. శరీరాన్ని కాస్త పక్కకు తెరిచి, దూరంగా ఉన్న కుడి కాలితో అందుకుంటే మొదటి స్పర్శతోనే కుడివైపు మైదానం కనిపిస్తుంది. బంతి రాకముందే ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూడమని చెప్పండి. ఈ రెండు అలవాట్లూ పట్టుబడటానికి ఒక సీజన్ పట్టినా, ఏ వ్యూహం నేర్పినదానికన్నా ఎక్కువ ఫలితం ఇస్తాయి.

నియమాలు మీకు క్షుణ్ణంగా తెలిసి ఉండాలి. త్రో-ఇన్, గోల్ కిక్, కార్నర్ కిక్‌ల నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ (ప్రత్యర్థి డిఫెండర్లను దాటి ముందు నిలబడి బంతి అందుకునే తప్పు) ఉండదు. ఇది తెలియని పిల్లలు త్రో-ఇన్ సమయంలో అనవసరంగా వెనక్కి వస్తుంటారు. 2019 నుంచి గోల్ కిక్ బంతి పెనాల్టీ ప్రాంతం దాటాల్సిన పనిలేదు, తన్నగానే ఆటలోకి వస్తుంది కాబట్టి డిఫెండర్ గోల్‌కీపర్ పక్కనే నిలబడి బంతి అందుకోవచ్చు. అమెరికాలో 10 ఏళ్ల లోపు జట్లు 7 మందితో, 12 ఏళ్ల లోపు జట్లు 9 మందితో, ఆపైన 11 మందితో ఆడతాయి. మీ లీగు ఏ పద్ధతిలో ఉంటే ప్రాక్టీసు మైదానాన్ని ఆ కొలతలకు తగ్గట్టుగా గుర్తులు పెట్టుకోండి.

మ్యాచ్ రోజున టచ్‌లైన్ (మైదానం పక్క గీత) నుంచి ప్రతి పాస్‌నూ చెప్పాలనిపిస్తుంది. బంతి ఉన్న బిడ్డకు మీ గొంతు సాయం చేయదు, ఆలోచనను చెరుపుతుంది. బంతికి దూరంగా ఉన్నవాళ్లకు ఒకటి రెండు మాటలు చెప్పండి, మిగతా సమయం రాసుకోండి. విరామంలో పిల్లలు నీళ్లు తాగి కుదుటపడ్డాక, బాగా జరిగిన ఒకటి, మార్చాల్సిన రెండు విషయాలు మాత్రం చెప్పండి. రిఫరీతో వాదించకండి. 2019 నుంచి కోచ్‌లకూ పసుపు, ఎరుపు కార్డులు చూపే అధికారం రిఫరీకి ఉంది. బెంచీ దగ్గర తప్పుచేసింది ఎవరో తేలకపోతే ఆ కార్డు ప్రధాన కోచ్‌కే పడుతుంది. సొంత బిడ్డ చూస్తుండగా ఎరుపు కార్డు అందుకున్న తండ్రికి, ఆ వారం ప్రాక్టీసులో క్రమశిక్షణ గురించి మాట్లాడటం చాలా కష్టమవుతుంది.

దెబ్బలు, ఎదుగుదల, విశ్రాంతి

మీ బిడ్డ మైదానంలో పడిపోయినప్పుడు తల్లిదండ్రులుగా మీ కళ్లు సరిగా చూడలేవు. కొందరు కంగారుపడతారు, కొందరు అందరి ముందూ ఏమీ కానట్టు "లే, లే" అంటారు. అందుకే ఈ నిర్ణయాన్ని సహాయ కోచ్‌కు అప్పగించమన్నాను. తలకు దెబ్బ తగిలి తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, అయోమయం, చూపు మసకబారడం వంటి ఏ ఒక్క లక్షణం కనిపించినా ఆ బిడ్డను వెంటనే బయటికి తీయాలి, ఆరోజు తిరిగి ఆడనివ్వకూడదు, వైద్యుడు సరేనన్నాక క్రమంగా మాత్రమే తిరిగి ఆటలోకి తేవాలి. స్పృహ తప్పలేదు కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. కంకషన్ (దెబ్బ వల్ల మెదడు పనితీరు దెబ్బతినడం) చాలాసార్లు స్పృహ తప్పకుండానే వస్తుంది. స్పృహ తప్పినా, వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, మెడ నొప్పి ఉన్నా అత్యవసర వైద్యం పిలవాలి.

10 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలు బంతిని తలతో ఆడరాదని అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లో ప్రకటించి, 11 నుంచి 13 ఏళ్లవారికి ప్రాక్టీసులో పరిమితి పెట్టింది. 11 ఏళ్ల లోపు జట్లకు ప్రాక్టీసులో హెడింగ్ నేర్పకూడదని ఇంగ్లండ్ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. మీ లీగులో ఇటువంటి నియమం లేకపోయినా ఈ పరిమితులనే పాటించమని నా సలహా.

వార్మప్‌ను గ్రౌండ్ చుట్టూ పరుగులతో సరిపెట్టకండి. ఫిఫా రూపొందించిన 11+ కార్యక్రమంలో పరుగు, బలం, శరీర సమతుల్యం, గెంతడం కలిసిన 15 వ్యాయామాలు ఉన్నాయి. మొత్తం 20 నిమిషాలు పడుతుంది, బంతి, కోన్‌లు తప్ప వేరే పరికరాలేవీ అక్కర్లేదు. 14 ఏళ్లు, ఆపై వయసువారికి ఇది. 7 నుంచి 13 ఏళ్ల పిల్లలకు 7 వ్యాయామాలతో వేరే రూపం ఉంది. వారానికి కనీసం రెండుసార్లు చేసిన జట్లలో గాయాలు గణనీయంగా తగ్గినట్టు పరిశోధనల్లో తేలింది.

ఎదిగే వయసులో మడమ నొప్పి, మోకాలి చిప్ప కింద నొప్పి తరచుగా వస్తాయి. ఎముక ఎదిగే చోట, కండరాన్ని ఎముకకు కలిపే బంధనం లాగడం వల్ల వచ్చే నొప్పి అది, బద్ధకమో సాకో కాదు. మీ బిడ్డ "మడమ నొప్పి" అన్నప్పుడు, అదే మాట వేరే బిడ్డ అంటే ఏం చేస్తారో అదే చేయండి. వ్యవస్థీకృతంగా ఆడే గంటలు వారానికి బిడ్డ వయసు సంఖ్యను మించకూడదని, వారంలో కనీసం ఒకరోజు పూర్తి విశ్రాంతి ఉండాలని క్రీడా వైద్యులు చెబుతారు. కోచ్ బిడ్డకు మిగతావాళ్లకు లేని ఒక భారం ఉంటుంది: ఇంటి వెనక అదనపు ప్రాక్టీసు, మైదానానికి అందరికన్నా ముందు రావడం, అందరి తరువాత వెళ్లడం. ఆ గంటలను కూడా లెక్కలో కలపండి.

ఇంటికి వచ్చే దారిలో, ఇంట్లో

మ్యాచ్ ముగిశాక కారులో ఎక్కిన బిడ్డకు కోచ్ అవసరం లేదు. ఓడిన మ్యాచ్ గురించి బిడ్డ తనంతట తాను ఎత్తితే వినండి, అడిగినదానికే జవాబు చెప్పండి. ఎత్తకపోతే మీరూ ఎత్తకండి. మిగతా పిల్లలు తమ తల్లిదండ్రులతో వెళ్తూ "ఆకలేస్తోంది" అంటారు, మీ బిడ్డకూ అదే హక్కు ఉంది. చెప్పాల్సిన మెళకువ ఏదైనా ఉంటే తరువాతి ప్రాక్టీసులో, అందరితో పాటు చెప్పండి.

ఇంట్లో తోటి ఆటగాళ్ల ఆట గురించి, ఎవరిని ఆడించాలనుకుంటున్నారో దాని గురించి బిడ్డ వినేలా మాట్లాడకూడదు. "రేపు గోల్‌లో నిన్ను దింపరట" అన్న మాట ఒకసారి మీ బిడ్డ నోటి నుంచి స్నేహితుడికి చేరితే, జట్టులో వాళ్లిద్దరి స్నేహం దెబ్బతింటుంది, మీ మీద నమ్మకమూ పోతుంది. మైదానం నుంచి వచ్చిన ఫోన్లు వేరే గదిలో మాట్లాడండి. ఇంట్లో రెండో పెద్దమనిషి ఉంటే, ఆ వ్యక్తి జట్టు పనుల్లో తలదూర్చకుండా ఉండటం మంచిది. కోచ్ మీద కోపం వచ్చినప్పుడు చెప్పుకోవడానికి ప్రతి బిడ్డకూ ఇంట్లో ఒకరు ఉంటారు; మీ బిడ్డకూ ఉండాలి.

ఎప్పుడు తప్పుకోవాలి

ప్రాక్టీసు రోజుల్లో మాత్రమే కడుపునొప్పి రావడం, మీరు లేని మ్యాచ్‌లలో మెరుగ్గా ఆడటం, తప్పు చేసిన ప్రతిసారీ బంతిని కాకుండా మీ ముఖాన్ని చూడటం, ఇంట్లో కూడా ముభావంగా ఉండటం వంటివి కనిపిస్తే బిడ్డతో మళ్లీ మాట్లాడండి. ఏ లక్షణమూ లేకపోయినా 11 మంది ఆటకు మారే 13 ఏళ్ల ప్రాంతంలో వేరే కోచ్ చేతికి అప్పగించడం చాలామందికి మేలు చేస్తుంది. అప్పటికి బిడ్డకు నేర్పాల్సిన విషయాలు లోతుగా ఉంటాయి, పైగా తన ప్రతిభను ఇంటికి సంబంధం లేని మనిషి తూచడం తనకూ అవసరమనిపిస్తుంది. సీజన్ మధ్యలో విడిచిపెట్టకండి. బిడ్డ బాధపడుతుంటే మాత్రం ఆ నియమం వర్తించదు, అప్పుడు సహాయ కోచ్‌కు పగ్గాలు ఇచ్చి మీరు పక్కకు జరగండి.

కొత్త కోచ్‌కు నిమిషాల పుస్తకం, ప్రాక్టీసు పథకాలు, పిల్లల ఆరోగ్య సమాచారం తల్లిదండ్రుల అనుమతితో అప్పగించండి. ప్రతి బిడ్డ గురించీ రెండు మూడు వాక్యాలు రాసి ఇవ్వాల్సి వస్తే మీ బిడ్డ గురించి రాసే వాక్యాలు సహాయ కోచ్‌తో రాయించండి. తరువాతి సీజన్ మొదటి రెండు నెలలు కొత్త కోచ్ అడిగితే తప్ప సలహాలు ఇవ్వకండి, మిగతా తల్లిదండ్రులు నిలబడే వైపునే నిలబడండి. మీ బిడ్డ ఆడే నిమిషాల గురించి ఏదైనా అడగాలనిపిస్తే, మీరు రాసిన 24 గంటల నియమాన్ని మీరే పాటించండి.